గేటుకాడి రాజు

పేపర్లో పేరు పడ్డ రోజున ఆగమ్మ ఇంట్లో పొయ్యి రాజుకునేసరికి పొద్దు బారెడెక్కింది. పొయ్యి ముందు కూర్చోవలసిన మనిషిని వాడకట్టంతా వాకిట్లో నిలబెట్టి మాట్లాడిస్తుంటే పొయ్యి తనంతట తాను మండదు కదా.

ఆ పేపరు ఇస్నాపూర్ చౌరస్తాలోని చాయ్ హోటల్లో నలుగురి చేతులు మారి చిట్కుల్ చేరింది. చాయ్ సాసర్ల మరకలు, మిర్చిబజ్జీల నూనె అప్పటికే దానికి ముద్రలు వేశాయి. లోపలి పేజీలో ఓ మూల ‘నగరంలో ఈ వారం’ అని చిన్నక్షరాలు. దసరా వెళ్లి చలి ఇంకా ముదరని ఆ రోజుల్లో హైదరాబాదు జనానికి సాయంత్రాలు ఏం చేయాలో తోచదు కాబోలు, ఎన్నెన్ని పెట్టుకున్నారో! బొమ్మల ప్రదర్శన, గజళ్లు, ఇంగ్లీషు నాటకం, కుండీల్లో మరుగుజ్జు చెట్ల పోటీ, జాతికుక్కల మేళా. వాటి నడుమ ఇరుకిరుకుగా ‘శరత్ కళామేళా: చిట్కుల్ బాగోతం బృందం, సాయంత్రం ఆరు గంటలకు’ అని ఉంది.

ఐదో తరగతి దాకా చదివిన ఆగమ్మ వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ఆమె మొగుడు ఐలన్న పక్కనే నిలబడి, చదువురాని వాడైనా, ఆమె వేలు ఆగిన చోటల్లా తలూపాడు.

"సూసినవానే?" అన్నాడు.

"సూసిన. మీదికెల్లి చెట్లు, కిందికెల్లి కుక్కలు. నడుమ మీరు."

"నీ నోట్ల మన్నువడ. ఒక్కరోజన్న మంచిమాట రాదాయె."

"మంచిమాటనే గదయ్యా! కుక్కల కన్న మీదనే ఏసిండ్రు."

వాకిట్లో ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఐలన్న కూడా నవ్వాడు, మీసం కింద దాచుకుని. మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు నింపే కాంట్రాక్టు కూలీ అతను. ఊళ్లో బాగోతం ఆడితే మాత్రం రాజు. అతని రాజ్యం ఏడాదికి మూడు నాలుగు రాత్రులు ఉంటుంది. తెల్లారితే పాత నీలం చొక్కా, రబ్బరు బూట్లు.

హైదరాబాదు పిలుపు, ఆ మేళా జరిపించే సుమిత్ర మేడం పుణ్యం. పోయిన నెల కారు దిగి వచ్చి, గురువు కొమురయ్య ఇంటి ముందు నులకమంచం మీద కూర్చుని ఆట చూస్తానంది. కొమురయ్య హార్మోనియం విప్పి ఐలన్న చేత ఒక దరువు పాడించాడు. ఆమె సగంలోనే చెయ్యెత్తి "చాలు, వండర్‌ఫుల్" అంది. ఆ తర్వాత పెట్టెలోని పొనికి కర్ర కిరీటాన్ని చేతుల్లోకి తీసుకుని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది, ఎండలోకి తీసుకుపోయి మళ్లీ చూసింది. పాట విన్నంతసేపుకు మూడింతలు కిరీటం చూసింది. అది ఆనాడు ఆగమ్మ కంట పడింది గానీ, పట్నం ఆడవాళ్లకు మెరిసేవంటే ఇష్టమేమోనని ఊరుకుంది.

"ఇక్కడే రెడీ అయి వచ్చేయండి. అక్కడ మేకప్ రూములు పెద్ద ఆర్టిస్టులకు ఇచ్చేశాం" అని చెప్పి వెళ్లింది మేడం.

సెలవు దొరకడమే కష్టమైంది. ఆ సాయంత్రం ఐలన్న డ్యూటీ నుంచి వచ్చి, షిఫ్టు ఇన్‌ఛార్జి కామరాజు ఏమన్నాడో అతని గొంతుతోనే చేసి చూపించాడు. వేషగాడు కదా, మనిషిని దింపేస్తాడు.

"ఏవయ్యా రాజుగారూ! పేపర్లో పడ్డావంటగా? సరే, రేపు వెళ్లు. ఎల్లుండి పొద్దున్నే మాత్రం డ్యూటీలో ఉండాలి. జర్మనీ పార్టీ వస్తోంది. నువ్వు రాలేదనుకో, జనవరిలో పర్మినెంటు చేసేవాళ్లలో నీ పేరుండదు. ఆ తర్వాత జన్మంతా కిరీటం పెట్టుకుని తిరుగు, నాకేం?"

"పర్మినెంటు చేస్తనన్నడా?" ఆగమ్మ నవ్వు ఆపి అడిగింది.

"చేస్తనని అనలే. రాకుంటే చెయ్యనన్నడు."

"గా రెండు ఒక్కటి గావు."

"తెల్సు తియ్యి. రేపు పెద్ద స్టేజీ మీద తెర ఎనకకెల్లి ఒక్కపారి కాలు బైట పెట్టనీ. తర్వాత వాడు తీసేసినా మంచిదే."

ఆగమ్మ అతని వైపు చూసింది. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో వేషం లేదు.

మరునాడు పొద్దున కొమురయ్య ఇంట్లో వేషాల పెట్టెకు కొబ్బరికాయ కొట్టారు. రాత్రి ఆటకైతే పొద్దుగూకాక రంగు పూస్తారు, తెల్లవారుజామున మంగళం పాడి కడుక్కుంటారు. ఆ రెంటి మధ్య వేషగాడి మొహానికి నీళ్లు తగలకూడదు, నోటికి మెతుకు తగలకూడదు. గొంతు తడుపుకోవడానికి గుటకెడు నీళ్లు తాగొచ్చు, అంతే. అది కొమురయ్య తాత నాటి కట్టు. వేషగాడి పెళ్లానికి కూడా అదే కట్టు. ఈ రెండో భాగం ఎవరు కలిపారో గానీ మగవాడే అయి ఉంటాడని ఆగమ్మ అనుమానం. అందుకే పెళ్లయిన ఏడాది నుంచి ఇప్పటిదాకా ప్రతి ఆటకూ తెర వెనక నిలబడి బుగ్గన బెల్లంముక్క పెట్టుకుంటూనే ఉంది. ఏ దేవుడూ ఏమీ అనలేదు. ఐలన్నకూ తెలియదు.

"పొద్దుగాల్నే రంగేసుడంటే..." కొమురయ్య గడ్డం గోక్కున్నాడు. "పొద్దంత ఉపాసమైతది రా ఐలా."

"ఆరుగొట్టంగ ఆట. రాత్రికి మంగళం. గంతే గద మామా! మేడం తయారై రమ్మన్నది, వ్యాను పగటికే వస్తదట."

ఆగమ్మ వేషానికి పూసే అర్దళాన్ని కొబ్బరినూనెతో సాన మీద నూరింది. ఐలన్న కళ్లు మూసుకుని మొహం పైకెత్తాడు. బొటనవేలితో నుదుటి నుంచి మొదలుపెట్టి, ముక్కు పక్కల సందుల్లోకి, చెవి తమ్మెల వెనక్కి పసుపుపచ్చ రంగు రుద్దింది. డ్రమ్ముల్లోని మందు ఎగజిమ్మి అతని ఎడమ దవడ మీద మచ్చ పడి ఉంది. అక్కడ రంగు పట్టదు, రెండుసార్లు మెత్తాలి. మెత్తింది. కాటుకతో మీసం మెలి తిప్పింది. కళ్లు తెరిచేసరికి ఎదుట ఉన్నది డ్రమ్ముల ఐలన్న కాదు. ఆమె ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో చేయి కొంచెం వెనక్కి తీసుకుంటుంది.

"ఏందే, గట్ల సూస్తున్నవ్?"

"మహారాజా, గోధుమపిండి అయిపోయింది. వచ్చేటప్పుడు పట్కరా."

"పో అవుతలికి" అన్నాడు రాజు.

మేడం పంపిన డీసీఎం వ్యానులో అందరూ ఎక్కారు. హార్మోనియం ఒళ్లో పెట్టుకుని కొమురయ్య, మద్దెల యాదగిరి, చీర కట్టి రాణి వేషం వేసిన నర్సింహులు, మంత్రీ భటులూ. కిరీటం పెట్టె మీద చేయి వేసి ఆగమ్మ. పటాన్‌చెరు దాటేదాకా రోడ్డు పక్కన పిల్లలు వ్యాను వెంట పరుగెత్తారు. ఐలన్న వాళ్లకు రాజులాగానే చెయ్యెత్తాడు.

హాలు చూసి కొమురయ్య మెడ పైకెత్తాడు. తలుపులే ఊళ్లో ఇళ్లంత ఎత్తు. మెట్ల మీద ఎర్ర తివాచీ, పక్కన బల్లపై పన్నీరు బుడ్లు, గులాబీలు. సుమిత్ర మేడం పట్టుచీరలో ఎదురొచ్చి అందరికీ నమస్కారం పెట్టింది. చాలా మర్యాదగల మనిషి.

"మీరు లేకపోతే ఈ మేళాకే కళ లేదండీ. ఇదిగో, మెట్లకి ఇటు నలుగురు, అటు నలుగురు. రాజుగారు ఇక్కడ, ముందు. కిరీటం పెట్టుకోండి."

ఆగమ్మ కిరీటం కట్టింది. దారాన్ని గడ్డం కింద ముడి వేస్తుంటే కొమురయ్య గొంతు సవరించుకున్నాడు.

"మేడం, మా తెర ఏడ గట్టాలె?"

"తెరా?" మేడం ముద్దుగా నవ్వింది. "తెర ఎందుకండీ, మిమ్మల్ని అందరూ చూడాలిగా! గెస్టులు రాగానే నమస్కారం పెట్టండి. మద్దెలాయన మెల్లగా వాయిస్తూ ఉండొచ్చు. హార్మోనియం వద్దులెండి, లోపలి మైకులోకి వస్తుంది."

"ఆట ఎప్పుడు మేడం?" ఐలన్న అడిగాడు.

అప్పటికే కార్లు వస్తున్నాయి. మేడం చేతులు జోడించుకుని అటు తిరిగింది.

వాళ్లు నిలబడ్డారు. మొదట్లో ముందు స్వాగతం, తర్వాత ఆట అనుకున్నారు. పెద్దవాళ్ల పద్ధతులు ఇలాగే ఉంటాయేమో! అతిథులు వస్తున్నారు, పన్నీరు చల్లించుకుంటున్నారు, లోపలికి పోతున్నారు. ఒకాయన ఆగి కిరీటాన్ని గోటితో టకటక కొట్టి "ప్లాస్టిక్ కాదే!" అని ఆశ్చర్యపోయాడు. ఆడపిల్లలు ఇద్దరు నర్సింహులును చూసి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. వాడు రాణిలాగా తల వంచుకున్నాడు గానీ మెడ మీది నరం మాత్రం బిగిసి మగవాడిదే అయింది. సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకడు సగం తాగిన కూల్‌డ్రింకు సీసా ఎక్కడ పెట్టాలో తోచక చుట్టూ చూసి, ఐలన్న ఖాళీ చేతిలో పెట్టి లోపలికి వెళ్లాడు.

ఐలన్న ఒక చేత్తో చెక్క కత్తి, ఒక చేత్తో సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సీసాలోని స్ట్రా గాలికి అటూ ఇటూ ఊగింది. తివాచీ మీద పెడితే ఏమంటారో, విసిరేస్తే ఏమవుతుందో! రాజు వేషంలో ఇన్నేళ్లుగా ఏనుగు మీద ఎక్కాడు, శత్రువుల తలలు నరికాడు గానీ, ఎంగిలి సీసా పట్టుకుని ఏం చేయాలో ఏ దరువులోనూ లేదు. ఒక ఫొటో కూడా తీశారు. చివరికి స్తంభం పక్కన ఉన్న ఆగమ్మే గబగబా వెళ్లి దాన్ని అందుకుంది.

"నా మొకం సూడకు" అన్నాడు పెదవులు కదలకుండా.

ఆమె సీసా తీసుకుపోయి మొక్కల కుండీలో ఒలికించింది. మరుగుజ్జు చెట్టు కాదది, మామూలుదే.

తలుపులు మూసుకున్నాయి. లోపల చప్పట్లు, టేపు మీద డప్పులు, కాలేజీ పిల్లల గజ్జెలు. తర్వాత మైకులో ఎవరో ‘అంతరించిపోతున్న కళలు’ అంటూ గొంతు బొంగురు చేసుకున్నారు.

"ఎవలో పోయినట్టున్నరు రా" అన్నాడు కొమురయ్య.

ఎవరూ నవ్వలేదు. నర్సింహులు మెట్టు మీద కూలబడ్డాడు, కళ్లు తిరుగుతున్నాయట. పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. ఆగమ్మ కొంగుముడిలో బెల్లంముక్క ఉంది. తడుముకుంది గానీ నోట్లో వేసుకోలేదు. తెరే కట్టనప్పుడు ఏ చాటున నిలబడి తినాలో ఆమెకు తెలియలేదు.

జనం బయటికి వస్తున్నప్పుడు ఐలన్న వరస తప్పి మేడంకు అడ్డం వెళ్లాడు. "మేడం, జెర ఇనుండ్రి. ఆట వద్దు. లోపల స్టేజీ మీద ఒక్క దరువు, మంగళం. గంతే. రంగు పెట్టుకున్నంక పాడకుంట కడగొద్దు మేడం."

"అయ్యో, ఎంత మంచి సెంటిమెంటండీ!" ఆమె కళ్లు నిజంగానే చెమర్చాయి. "కానీ హాలు టైం అయిపోయింది, లైట్లు తీసేస్తున్నారు. నెక్స్ట్ ఇయర్ తప్పకుండా. అదిగో, మీకు భోజనాల ప్యాకెట్లు అక్కడ. ముఖాలు కడుక్కుని తినేయండి, ప్లీజ్."

కుళాయి దగ్గరికి మొదట నడిచింది కొమురయ్య. కట్టు చెప్పినవాడే. నీళ్లు దోసిట పట్టి, ఒక్క క్షణం ఆగి, నుదుటి విభూతి కడుక్కున్నాడు. అది చూశాక మంత్రి కడుక్కున్నాడు, భటులు కడుక్కున్నారు. రాణి చీరకొంగుతో మూతి తుడుచుకుని ప్యాకెట్ విప్పింది.

"రా ఐలా. పోరగాండ్లు పానం మీదికి తెచ్చుకునేటట్టున్నరు. తప్పేమన్న ఉంటే నా మీద ఏసుకుంట."

"నువ్వు తిను మామా" అన్నాడు ఐలన్న. కిరీటం తీసి పెట్టెలో పెట్టాడు. ప్యాకెట్ మాత్రం ముట్టలేదు. తిరుగు వ్యానులో పులిహోర వాసన. చెవుల వెనక పసుపు చారలతో అందరూ ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. అతనొక్కడే నిటారుగా కూర్చున్నాడు, పచ్చటి మొహంతో.

తెల్లవారి ఆగమ్మ అరిచింది, బతిమాలింది, గిన్నెలు ఎత్తి పడేసింది.

"మంగళం ఇప్పుడు పాడు! ఈడ పాడు! పాడి కడుక్కో, ఇంత తిను!"

"ఆడని ఆటకు మంగళమేందే?"

"అయితే కడుక్కో!"

"రంగు పెట్టినంక పాడకుంట ఎట్ల కడుగుతం?"

డ్యూటీ ఎగ్గొడితే జనవరి పోతుంది. పచ్చటి మొహానికి తువ్వాలు చుట్టుకుని, కళ్లు మాత్రం కనబడేలా కంపెనీ బస్సు ఎక్కాడు. బస్సులో నవ్వులు వాకిటి దాకా వినబడ్డాయి.

గంట తిరక్కముందే, ఆగమ్మ నీళ్లు తోడుతుండగా ఇంటి ముందు జీపు ఆగింది. డ్రైవరు తల బయట పెట్టి "కామరాజు సార్ కిరీటం తెమ్మన్నడు. జల్దీ. బట్టలు గూడ" అన్నాడు.

ఆగమ్మ చేతిలో చెంబు చేతిలోనే ఉంది. "కిరీటమా? ఎందుకు?"

"జర్మనోళ్లు వస్తున్నరు. నీ మొగడ్ని చూసి సార్ తెగ ఖుష్ అయిండు."

కామరాజు ఖుషీ అయ్యాడట! ఆమె గుండె ఎగిరింది. కంపెనీలో ఆట! పెద్ద హాలు కాకపోతే పోనీ, ఫారినోళ్ల ముందు ఆట! దరువు పాడతాడు, మంగళం పాడతాడు, కడుక్కుంటాడు, తింటాడు. చెప్పులు కూడా వేసుకోకుండా కొమురయ్య ఇంటికి పరుగెత్తింది.

"మామా, హార్మోనియం పట్టుకో! కంపెనీల ఆటంట!"

కొమురయ్య ఇంకా మొహం కడుక్కోలేదు. రాత్రి కుళాయి దగ్గర కడుక్కున్నాక మళ్లీ ఆ పని చేయబుద్ధి కాలేదేమో! లేచి, ధోవతి సర్దుకుని, హార్మోనియం ఎత్తుకుని జీపెక్కాడు. ఒళ్లో పెట్టుకుని తిత్తి మీద అరచేయి వేసి ఉంచాడు, కోడిపిల్లను పట్టుకున్నట్టు. కిరీటం పెట్టె, రాజు బట్టలు ఆగమ్మ ఒళ్లో ఉన్నాయి.

ఫ్యాక్టరీ గేటుకు అరటిబోదెలు కట్టారు. అరటిబోదెల మధ్య, సెక్యూరిటీ గది పక్కన, నీలం చొక్కా మీద పచ్చటి మొహంతో ఐలన్న నిలబడి ఉన్నాడు.

కామరాజు ఎదురొచ్చాడు. "తెచ్చావా అమ్మా? కట్టు, కట్టు, టైం లేదు. ఈ పెద్దాయన ఎవరు? హార్మోనియమా? అబ్బే, అదొద్దు, మీటింగు డిస్టర్బ్ అవుతుంది. ఆయన్ని జీపులోనే కూర్చోమను."

"సార్, ఆట..." అంది ఆగమ్మ.

"ఏం ఆటమ్మా? నిలబడి దండం పెడితే చాలు. నిన్న హైదరాబాదులో పెట్టినట్టే. పేపర్లో ఫొటో చూశాగా! మంత్రిగారి భార్య వెనకాల సగం కిరీటం, అంతా ఈయనదే."

ఆమె బట్టలు తొడిగింది. కిరీటం పెట్టింది. గడ్డం కింద ముడి బిగించింది. ఐలన్న కళ్లు ఆమె వైపు లేవు, రోడ్డు మీద ఉన్నాయి. కార్లు కనబడగానే చేతులు వాటంతటవే జోడయ్యాయి. నిన్న ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. తల ఎంత వంచాలో, నవ్వు ఎంతసేపు ఉంచాలో కూడా.

తెల్లటి పెద్దమనిషి కారు దిగి, ముచ్చటపడి, ఐలన్న చేయి పట్టుకుని ఊపాడు. చెమట తుడుచుకోగా అర్దళం అరచేతులకు అంటి ఉంది. దొర చేయంతా పచ్చనైంది. కామరాజు పరుగున వచ్చి తన కర్చీఫుతో ఆ చేతిని వేలు వేలునా తుడిచాడు, పసిపిల్లవాడికి మూతి తుడిచినట్టు. దొర పగలబడి నవ్వాడు. అందరూ నవ్వారు. ఐలన్న కూడా నవ్వాడు. ఆగమ్మ అతని నవ్వు చూసి నేల చూసుకుంది.

జీపులో కొమురయ్య హార్మోనియం తిత్తి విప్పనే లేదు.

మధ్యాహ్నం ఆగమ్మ ఇంటికి బయల్దేరేముందు కామరాజే దగ్గరికి వచ్చి చెప్పాడు. "అదృష్టవంతురాలివమ్మా. జనవరి లిస్టులో మీ ఆయన పేరు పెద్దసారే రాయమన్నారు. పర్మినెంటు. డ్రమ్ముల దగ్గరేలే, కానీ గెస్టులు వచ్చినప్పుడల్లా గేటు దగ్గర ఈ గెటప్పు వెయ్యాలి. ఇద్దరు ముగ్గురు వస్తూనే ఉంటారు నెలకి. రంగు మాత్రం చేతికంటకుండా చూడు."

పర్మినెంటు. ఆ ముక్క కోసం ఆమె ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి చీర మొక్కుకుని ఉంది. ఇప్పుడు మొక్కు తీర్చాలి.

సాయంత్రం ఐలన్న ఇంటికి వచ్చాడు. చొక్కా విప్పి, బాయికాడి బండ మీద కూర్చుని, "సబ్బు తే" అన్నాడు.

ఆగమ్మ కదల్లేదు. "మంగళం?"

"ఏం మంగళం?"

"రంగు పెట్టినంక పాడకుంట కడగొద్దంటివి గద!"

"అది వేషానికి. ఇదేం వేషం?" అతను చెంబు ముంచాడు. "సబ్బు తేవే. ఆకలైతుంది."

సబ్బు తెచ్చి ఇచ్చింది. అతను నుదురు రుద్దాడు, ముక్కు పక్కల సందులు, చెవి తమ్మెల వెనక. ఎక్కడెక్కడ రుద్దాలో ఆమెకంటే బాగా తెలిసినట్టే రుద్దాడు. పచ్చటి నీళ్లు బండ దిగి మోరీలోకి పారాయి. ఫ్యాక్టరీలు వచ్చాక ఆ మోరీ నీళ్లు ఎప్పుడూ ఏదో ఒక రంగులోనే ఉంటాయి. కలిసిపోయాయి.

అన్నం పెట్టింది. పప్పు పోసింది. అతను పీట మీద కూర్చుని, తల వంచి, ఆవురావురుమని తిన్నాడు. రెండోసారి పెట్టమన్నాడు. మూడోసారి అడక్కుండానే గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "కారం జెర తక్కువైంది" అన్నాడు. ఆగమ్మ కోరుకున్నదంతా ఆ పీట మీద కూర్చుని తింటోంది.

"నువ్వు తినవా?"

"తింట."

పళ్లెంలో ఇంత పెట్టుకుంది. ముద్ద కలిపింది. ఇన్నేళ్లుగా తెర చాటున బెల్లం చప్పరించినప్పుడు అడ్డం రాని కట్టు ఇప్పుడు అడ్డం వచ్చింది. ముద్ద నోటిదాకా వెళ్లి తిరిగి వచ్చింది. మంచినీళ్లు తాగి మళ్లీ ఎత్తింది. మళ్లీ దించింది. కొంగుముడి విప్పి చూస్తే నిన్నటి బెల్లంముక్క చీరకు అంటుకుపోయి ఉంది.

లేచి పొయ్యి దగ్గర, అతనికి వీపు తిప్పి కూర్చుంది. ప్రతి ఏడూ తెర వెనక నిలబడి విన్నదే, ఒక్క అక్షరం మరవలేదు. పెదవుల మీదే మంగళం మొదలుపెట్టింది. తాళం కోసం పొయ్యిగడ్డ మీద వేలితో కొట్టుకుంది.

తిని చాప మీద వాలిన ఐలన్న పక్కకు తిరిగాడు.

"బందు వెట్టవే ఇగ. పొద్దుగాల్ల డ్యూటీ ఉంది. జపానోళ్లు వస్తున్నరట."

ఆగమ్మ వేలు పొయ్యిగడ్డ మీద ఆగింది.

"కిరీటం ముడి జెర లూజు వెట్టు ఈసారి" అన్నాడు కళ్లు మూసుకుని. "వంగినప్పుడు గుచ్చుతుంది."